కబుర్లు, గుంపులు, మనిషి: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. పరిణామం పాఠంలో కోతులు, మెదడు, మాట వచ్చిన రోజు బెల్లు కొట్టాక కూడా పిల్లలు బెంచీల మీంచి లేవరు. ఏటా అవే సందేహాలు. పొద్దున వాకింగ్‌లో కలిసే పెద్దవాళ్లూ తిరిగి తిరిగి అవే అడుగుతారు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ప్రశ్నల్ని అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను. ఎక్కడ మొదలుపెట్టి చదివినా అర్థమవుతుంది.

## మాటకి ముందు

కోతులు ఎప్పుడు చూసినా పేలు చూసుకుంటూ ఉంటాయి. నిజంగా వాటికి అన్ని పేలుంటాయా?

పేలు, మట్టి, చర్మం పొట్టు కొంత ఉంటాయి, వాటిని తీసెయ్యడం ఒక పనే. కానీ అవి గంటల తరబడి కూర్చునేది అందుకు మాత్రమే కాదు. గుడి మెట్ల దగ్గర ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. మన దక్షిణాది కోతికి నెత్తిన జుట్టు పాపిడి తీసి టోపీ పెట్టినట్టు ఉంటుంది. ఒకటి వచ్చి ఇంకోదాని ముందు వాలిపోతుంది. రెండోది రెండు చేతులతో బొచ్చు పాయలు తీస్తూ, వేలి కొసతో ఏదో పట్టి నోట్లో వేసుకుంటూ ఉంటుంది. చేయించుకుంటున్న కోతి కళ్లు మూతలు పడతాయి, చెయ్యి పైకెత్తి చంక చూపిస్తుంది, కాసేపటికి ఒళ్లంతా వదిలేస్తుంది. ఆ సమయంలో మెదడులో ఎండార్ఫిన్లు విడుదలవుతాయి. ఇవి శరీరం తయారుచేసుకునే మత్తుమందు లాంటివి. 1989లో టాలపాయిన్ అనే ఆఫ్రికా కోతుల మీద జరిగిన పరిశోధనలో ఇది కొలిచి చూశారు. రోజూ ఎవరి చేతిలో ఆ హాయి దొరుకుతుందో, దెబ్బలాట వచ్చినప్పుడు ఆ కోతి పక్కనే నిలబడుతుంది. పేలు చూడటం అంటే వాటి లెక్కలో స్నేహం చేయడం.

మనిషికి ఒంటి మీద బొచ్చు పోయింది కదా, మరి ఆ పని ఏమైంది?

పూర్తిగా పోలేదు. మన చర్మంలో, ముఖ్యంగా వెంట్రుకలున్న చోట, మెల్లగా నిమిరితేనే బాగా స్పందించే ప్రత్యేకమైన నరాలున్నాయి. సెకనుకు సుమారు 3 సెంటీమీటర్ల వేగంతో చెయ్యి కదిలితే అవి ఎక్కువగా పలుకుతాయి. నిద్రపోతున్న బిడ్డ వీపు మీద అమ్మ చెయ్యి ఇంచుమించు ఆ వేగంతోనే కదులుతుంది, ఆవిడకి ఎవరూ నేర్పకుండానే.

నా చిన్నప్పుడు మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు కూర్చునేవారు. పేల దువ్వెనతో దువ్వడం, దొరికిన పేనుని రెండు బొటనవేళ్ల గోళ్ల మధ్య టప్‌మని నొక్కడం, మధ్యలో ఊరి కబుర్లన్నీ. చెయ్యీ నోరూ ఒకేసారి పనిచేస్తున్న ఆ దృశ్యంలో ఈ పాఠం మొత్తం ఉందని ఇప్పుడు అనిపిస్తుంది.

గుంపు పెద్దదైతే పులులు, చిరుతల భయం తగ్గుతుంది కదా. మరి కోతులు వెయ్యేసి కలిసి ఎందుకు ఉండవు?

టైం చాలదు కాబట్టి. తిండి వెతుక్కోవాలి, తిరగాలి, విశ్రాంతి తీసుకోవాలి. మిగిలిన టైంలోనే స్నేహాలు. ఏ కోతి జాతి అయినా రోజులో సుమారు 20 శాతానికి మించి పేలు చూసుకోవడానికి పెట్టలేకపోతోంది. ఒకసారి ఒకరికే చేయగలరు కాబట్టి తోడుదారుల సంఖ్య అక్కడితో ఆగిపోతుంది. ఇథియోపియా కొండల్లో గెలాడా కోతులు వందల కొద్దీ కలిసి గడ్డి మేస్తూ కనిపిస్తాయి గానీ, వాటి అసలు బంధాలు అందులోని చిన్న చిన్న కుటుంబాల లోపలే ఉంటాయి. మిగతాది మంద.

## మెదడు

మెదడు పెద్దదైతే గుంపు పెద్దదవుతుందా, గుంపు పెద్దదైతే మెదడు పెరుగుతుందా?

ఈ ప్రశ్నని గట్టిగా ముందుకు తెచ్చింది బ్రిటన్‌కి చెందిన శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్. ఆయన 1970ల్లో ఆ ఇథియోపియా గెలాడాలనే దగ్గరుండి చూసినవాడు. కోతులు, వానరాల (చింపాంజీ, గొరిల్లా లాంటి తోక లేనివాటి) మెదడు పైపొర మిగతా మెదడుతో పోలిస్తే ఎంత పెద్దగా ఉందో, ఆ జాతి గుంపు కూడా అంత పెద్దగా ఉంటోందని 1992లో ప్రచురించాడు. గుంపులో బతకడానికే మెదడు పెరిగిందని ఆయన వాదన. దీన్ని సామాజిక మెదడు సిద్ధాంతం అంటారు.

అందులో తర్కం ఉంది. ఐదుగురు ఉంటే వాళ్ల మధ్య 10 జతలు. 50 మంది ఉంటే 1,225 జతలు. 150 మంది ఉంటే 11,175. ఎవరికి ఎవరంటే పడదు, ఎవరు ఎవరికి బాకీ అన్నది గుర్తుపెట్టుకోవడం చిన్న పని కాదు.

అయితే ఇది అందరూ ఒప్పుకున్న మాట కాదు. 2017లో 140కి పైగా జాతులను పోల్చిన మరో పరిశోధనలో, గుంపు సైజు కన్నా తిండి ముఖ్యమని తేలింది. ఆకులు తినేవాటికన్నా పండ్లు తినేవాటి మెదడు పెద్దది. ఏ చెట్టు ఎప్పుడు పండుతుందో గుర్తుండాలి మరి. పైగా మెదడు ఖర్చెక్కువ అవయవం: మన బరువులో 2 శాతమే ఉండి, శక్తిలో 20 శాతం తినేస్తుంది. ఆ ఖర్చుకి సరిపడా తిండి దొరకనిదే మెదడు పెరగదు. నా మటుకు నాకు రెండూ కలిసి పనిచేశాయనే అనిపిస్తుంది. మంచి తిండి వీలు కల్పించింది, గుంపు అవసరం కల్పించింది.

"వాడికి తెలుసని నాకు తెలుసు" అన్న ఆలోచన మనుషులకి మాత్రమే వస్తుందా?

ఎదుటివాడు ఏం చూశాడో, ఏం చూడలేదో చింపాంజీలకి కొంతవరకు తెలుసు. మనం చాలా దూరం పోతాం. "వదినకి విషయం తెలిసిందని అత్తయ్యకి అనుమానం వచ్చిందేమోనని మామయ్య భయపడుతున్నాడు" అన్న వాక్యం ఒక్కసారి వింటే మనకి అర్థమైపోతుంది. ఇందులో ముగ్గురి మనసులు ఒకదాంట్లో ఒకటి ఉన్నాయి. మామూలు పెద్దవాళ్లు ఇలా ఐదు మెట్ల దాకా తడబడకుండా వెళ్లగలరు. మన టీవీ సీరియళ్లు నడిచేదంతా దీని మీదే.

## బిడ్డలు, ముసలివాళ్లు, నిప్పు

మనిషి బిడ్డని తల్లి ఒక్కతే ఎందుకు పెంచలేదు? కోతులు పెంచుతున్నాయి కదా?

చింపాంజీ తల్లి 5 లేదా 6 ఏళ్లకి ఒక బిడ్డని కంటుంది. ఆ బిడ్డ తన తిండి తను వెతుక్కునేదాకా ఇంకోదాని జోలికి పోదు. వేటాడి, ఏరుకుని బతికే మనుషుల్లో కాన్పుకీ కాన్పుకీ మధ్య దాదాపు 3 ఏళ్లే. చంకలో ఒకరు, కొంగు పట్టుకుని ఒకరు. తల్లి ఒక్కతే ఎలా నెట్టుకొస్తుంది? సారా హర్డీ అనే శాస్త్రవేత్త చెప్పేదేమంటే, మనిషి జాతి మొదటి నుంచీ పదిమంది చేతుల మీద బిడ్డల్ని పెంచిన జాతి.

టాంజానియాలో హడ్జా అనే తెగ ఉంది. ఇప్పటికీ కొందరు వేట, దుంపలు, తేనె మీద బతుకుతారు. అక్కడ క్రిస్టెన్ హాక్స్ అనే మానవశాస్త్రవేత్త బృందం చేసిన పరిశీలన నాకు చాలా ఇష్టం. కొత్తగా బిడ్డ పుట్టి తల్లి బయటికి వెళ్లలేనప్పుడు, ఆమె పెద్ద పిల్లలు ఒళ్లు చేయడం అమ్మమ్మ ఎంతసేపు దుంపలు తవ్విందన్న దాని మీద ఆధారపడింది. కాన్పులు ఆగిపోయాక కూడా ఆడవాళ్లు దశాబ్దాలు ఎందుకు బతుకుతారన్న చిక్కు ప్రశ్నకి ఇదొక జవాబు. పురిటికి పుట్టింటికి వెళ్లే మన ఇళ్లలో ఇది ఎవరికీ వింతగా తోచదు.

నడవలేనివాళ్లని, ముసలివాళ్లని ఆదిమానవులు వదిలేసేవారట కదా?

దొరికిన ఎముకలు అలా చెప్పడం లేదు. ఇరాక్‌లో షానిదార్ గుహలో 1957లో ఒక నియాండర్తాల్ మగమనిషి అస్థిపంజరం బయటపడింది. నియాండర్తాల్ అంటే మనకి దగ్గరి బంధువైన, అంతరించిపోయిన మానవజాతి. చిన్నప్పుడో యవ్వనంలోనో ముఖం మీద తగిలిన దెబ్బకి ఒక కన్ను దాదాపు పోయింది. కుడి చెయ్యి ఎండిపోయి, మోచేతి దగ్గర పోయింది. కాలు సరిగా లేదు. చెవుల్లో ఎముక పెరిగి వినికిడి కూడా బాగా దెబ్బతింది. అయినా 40 దాటేదాకా బతికాడు. జార్జియా దేశంలో ద్మనిసి దగ్గర ఇంకా పాత పుర్రె దొరికింది, సుమారు 17 లక్షల ఏళ్ల నాటిది. ఒక్క పన్ను తప్ప అన్నీ ఊడిపోయి, చిగుళ్ల ఎముక పూడిపోయి ఉంది. అంటే పళ్లు పోయాక ఏళ్ల తరబడి బతికాడు. ఎవరో ఏదో మెత్తగా చేసి పెట్టి ఉంటారని చాలామంది శాస్త్రవేత్తల నమ్మకం. నాకూ అంతే.

నిప్పుకీ మాటకీ సంబంధం ఏమిటి?

నిప్పు రాత్రిని మనకి ఇచ్చింది. దక్షిణాఫ్రికాలోని వండర్‌వర్క్ గుహలో 10 లక్షల ఏళ్ల నాటి బూడిద, కాలిన ఎముకలు దొరికాయి. నిప్పు లేకపోతే పొద్దు గూకాక పని లేదు, వెలుగు లేదు, పడుకోవడమే. నిప్పు చుట్టూ చేరితే మూడు నాలుగు గంటలు మిగులుతాయి. ఆ వెలుగులో దుంపలు తవ్వలేరు, వేటాడలేరు. కూర్చుని మాట్లాడుకోగలరు.

కలహారి ఎడారిలో జు హోన్సీ ప్రజల మాటల్ని పాలీ వీస్నర్ అనే మానవశాస్త్రవేత్త ఏళ్ల తరబడి రాసుకుని 2014లో ప్రచురించింది. పగటి మాటల్లో మూడింట ఒక వంతు ఫిర్యాదులు, ఎత్తిపొడుపులు, ఇంచుమించు అంతే తిండి, పని గొడవలు. రాత్రి నిప్పు దగ్గర 81 శాతం కథలే! దూరాన ఉన్న బంధువులు, పాత పెళ్లిళ్లు, చచ్చిపోయినవాళ్లు చేసిన పనులు. కరెంటు పోయిన రాత్రి డాబా మీద చాప వేసుకుని పడుకున్నవాళ్లకి ఈ లెక్క చెప్పక్కర్లేదు. పగలంతా ఫీజుల గురించి మాట్లాడిన నాన్న, చీకట్లో వాళ్ల తాతగారి ఎద్దుల బండి సంగతి ఎత్తుకుంటాడు.

## మాట

మాట ఎప్పుడు పుట్టింది? ఒక తేదీ చెప్పండి.

తేదీ లేదు. మాట రాయిలా మిగలదు. దాని జాడలు కొన్ని ఉన్నాయి. ఇజ్రాయెల్‌లోని కెబారా గుహలో 1983లో దొరికిన నియాండర్తాల్ గొంతు ఎముక సుమారు 60,000 ఏళ్ల నాటిది. అది మన ఎముకలాగే ఉంది. మాటకి సంబంధం ఉన్న ఫాక్స్‌పీ2 అనే జన్యువులో మనుషుల్లో వచ్చిన రెండు మార్పులు నియాండర్తాల్‌లోనూ ఉన్నాయని 2007లో తేలింది. కాబట్టి మాటకి కావలసిన సరంజామా వాళ్లూ మనమూ విడిపోకముందే చాలావరకు సిద్ధమైందని, అంటే లక్షల ఏళ్ల లోతు ఉందని అనుకోవచ్చు. ఒక రాత్రిలో ఊడిపడింది మాత్రం కాదు.

కోతి గొంతు మాటకి పనికిరాదు, అందుకే మాట్లాడలేదు అని పుస్తకంలో చదివాను. కరెక్టేనా?

పాత మాట. 2016లో ఒక కోతి తింటూ, అరుస్తూ ఉండగా ఎక్స్‌రే వీడియో తీసి చూశారు. అర్థమయ్యేలా మాట్లాడటానికి సరిపోయేన్ని శబ్దాలు ఆ గొంతు చేయగలదు. లేనిది దాన్ని నడిపే మెదడు.

జంతువులకీ భాష ఉందంటారు కదా?

సంకేతాలున్నాయి. కెన్యాలో వెర్వెట్ కోతులు చిరుతకి ఒక అరుపు, గద్దకి ఒక అరుపు, పాముకి ఒక అరుపు అరుస్తాయి. 1980లో ఆ అరుపుల్ని రికార్డు చేసి, ఏ మృగమూ లేనప్పుడు స్పీకర్లో వినిపించారు. చిరుత అరుపుకి చెట్టెక్కాయి, గద్ద అరుపుకి పైకి చూశాయి, పాము అరుపుకి రెండు కాళ్ల మీద లేచి నేల వెతికాయి. అద్భుతమే. కానీ "నిన్న వచ్చిన చిరుత మళ్లీ వస్తుందేమో" అని ఏ వెర్వెట్టూ అనదు. ఇక్కడ లేనిదాని గురించి, ఇప్పుడు కానిదాని గురించి మాట్లాడటమే మన మాటకున్న అసలు బలం.

మాట పుట్టింది వేట కోసమా, కబుర్ల కోసమా?

వేట కోసం, పనిముట్లు నేర్పడం కోసం అని చాలాకాలం అనుకున్నారు. అందులో నిజం లేకపోలేదు. రాతి పనిముట్లు చెక్కడం నోటితో చెప్పి నేర్పితే త్వరగా అబ్బుతుందని ప్రయోగాలున్నాయి. కానీ వేటగాళ్లు వేటలో మాట్లాడరు. సైగ చేస్తారు.

1993లో డన్‌బార్ వేరే లెక్క వేశాడు. మనిషి గుంపు 150 మంది అయితే, కోతుల పద్ధతిలో ఒళ్లు నిమురుకుంటూ ఆ బంధాల్ని నిలబెట్టుకోవాలంటే రోజులో 40 శాతం పైగా దానికే పోతుంది. తిండి ఎప్పుడు వెతుక్కోవాలి? మాటకి మూడు వెసులుబాట్లున్నాయి. ఒకేసారి ఇద్దరు ముగ్గురితో బంధం కలపొచ్చు. చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి నడుస్తూ, దుంపలు ఒలుస్తూ మాట్లాడొచ్చు. కళ్ల ముందు లేనివాడు ఎలాంటివాడో తెలుసుకోవచ్చు. కోతి మాత్రం తను చూసిందే నమ్మాలి.

పాఠంలో ఈ చోటికి రాగానే నేను పిల్లలకి నాట్లు వేసే వరసని గుర్తుచేస్తాను. పదిమంది వంగి బురదలో కాళ్లు కదుపుతూ ఉంటారు, చేతులు ఆగవు, మాటలూ ఆగవు. సాయంత్రానికి మడి నాటు పూర్తవుతుంది, ఎవరింట్లో ఏం జరిగిందో కూడా అందరికీ తెలుస్తుంది. రెండూ పనులే. కబుర్లు చెప్పుకోవడం పని ఎగ్గొట్టడం అని పిల్లల్ని కసిరేవాళ్లు ఈ రెండో పనిని లెక్కలో వేయడం లేదని నా బాధ.

కబుర్లంటే చాడీలే కదా?

కాదు. మనుషులు మామూలుగా మాట్లాడుకునేదాంట్లో సుమారు మూడింట రెండు వంతులు మనుషుల గురించేనని 1990ల్లో బ్రిటన్‌లో చేసిన పరిశీలనల్లో తేలింది. అందులో ఒకరిని తిట్టుకోవడం చాలా కొంచెం. ఎక్కువ భాగం ఎవరికి ఒంట్లో ఎలా ఉంది, ఎవరు ఎవరితో కలిసి ఉంటున్నారు, ఇలాంటి పరిస్థితిలో ఏం చేయాలి అన్నవే.

ఎవరూ నేర్పకపోతే పిల్లలు సొంతంగా భాష తయారుచేసుకుంటారా?

తోటి పిల్లలుంటే చేసుకుంటారు, ఒంటరిగా చేసుకోలేరు. నికరాగ్వాలో 1977 దాకా వినికిడి లేని పిల్లలు ఎవరి ఇంట్లో వాళ్లు, ఇంటివాళ్లకి మాత్రమే తెలిసిన నాలుగు సైగలతో బతికారు. రాజధాని మనాగ్వాలో బడి తెరిచాక వందల మంది ఒకచోట చేరారు. టీచర్లు పెదాల కదలిక చూసి స్పానిష్ నేర్పాలని ప్రయత్నించారు, అది సాగలేదు. ఆటస్థలంలో, బస్సులో పిల్లలు తమ సైగల్ని కలుపుకుంటూ పోయారు. తర్వాత చేరిన చిన్న పిల్లలు వాటికి వ్యాకరణం తెచ్చారు. కొన్నేళ్లలోనే పూర్తి భాష తయారైంది. ఒక భాష పుట్టడం శాస్త్రవేత్తలు కళ్లారా చూసిన సందర్భం ఇది. చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

పాట ముందా, మాట ముందా?

పాటే ముందని వాదించేవాళ్లున్నారు, రుజువు లేదు. కలిసి ఒకే లయలో కదిలితే బంధం పెరుగుతుందన్నదానికి మాత్రం ఆధారం ఉంది. 2010లో ఆక్స్‌ఫర్డ్ పడవ పందేల కుర్రాళ్లు ఒంటరిగా తెడ్డు వేసినప్పటికన్నా, అంతే కష్టం కలిసి చేసినప్పుడు నొప్పిని ఎక్కువ ఓర్చుకున్నారు. అది ఎండార్ఫిన్ల పనేనని పరిశోధకుల అంచనా. కోలాటం ఆడి వచ్చినవాళ్లని అడగండి.

తెలుగువాళ్లు బస్సులో కలిసినా వరస కలుపుతారెందుకు?

మాట లేకపోతే చుట్టరికం చాలా చిన్నది. కోతికి తల్లి తెలుసు, తోబుట్టువులు తెలుసు. "మా మేనత్త తోడికోడలి అన్న" అన్నది మాటలోనే ఉంటుంది. కంటికి కనపడదు. 32 వేట సమాజాలను పోల్చిన 2011 నాటి పరిశోధనలో, ఒక గుంపులో కలిసి ఉండేవాళ్లలో సొంత రక్తసంబంధీకులు కొద్దిమందేనని తేలింది. మిగతావాళ్లని కట్టి ఉంచింది పెళ్లి వరసలు, స్నేహాలు.

మన వరసల పేర్లు చూడండి. నాన్న అన్న పెదనాన్న, తమ్ముడు చిన్నాన్న. అమ్మ అక్క పెద్దమ్మ. పేరులోనే నాన్న, అమ్మ ఉన్నారు. నాన్న అక్కచెల్లెళ్లు మాత్రం అత్తలు, వాళ్ల పిల్లలు బావా మరదళ్లు. అమెరికాకి చెందిన లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో తెలుగు, తమిళ వరసల్ని పట్టికలు వేసి, అవి తన దేశంలోని ఇరొక్వా అనే ఆదివాసుల వరసలతో ఎంతగా పోలి ఉన్నాయో చూసి ఆశ్చర్యపోయాడు. సముద్రాల అవతల, ఏ సంబంధం లేని భాషలో అదే అమరిక.

## 150 లెక్క

ఈ 150 అంటే ఏమిటి? అంతకుమించి ఎవరూ తెలియరా?

ముఖాలు, పేర్లు చాలానే తెలుస్తాయి. 150 అన్నది పరస్పరం ఎరిగి, ఎప్పుడైనా ఎదురుపడితే ఆగి పలకరించగలిగే బంధాల లెక్క. కోతుల మెదడు సైజుకీ గుంపు సైజుకీ ఉన్న సంబంధాన్ని చూపే గీతని మనిషి దాకా పొడిగిస్తే డన్‌బార్‌కి 147.8 వచ్చింది. అది ఒకే ముద్ద కాదు, ఉల్లిపాయ పొరల్లా ఉంటుందంటాడు. అర్ధరాత్రి ఫోన్ చేయగలిగినవాళ్లు సుమారు 5, పోతే ఏడ్చేవాళ్లు 15, ఇంట్లో శుభకార్యానికి తప్పనిసరిగా పిలిచేవాళ్లు 50, ఆ పైన 150. అమెరికా, కెనడాల్లో ఉమ్మడిగా బతికే హటరైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు, ఊరు సుమారు 150 దాటితే రెండుగా విడిపోతారు. అంతకుమించితే పలుకుబడితో పని జరగదు, పోలీసు కావాలి అని వాళ్ల అనుభవం.

అడవిలో బతికే తెగలు నిజంగా 150 మంది కలిసి ఉంటారా?

ఒకేచోట ఉండరు. హడ్జాల మకాం సుమారు 30 మంది. మన నల్లమలలో చెంచుల పెంటలు (గూడేలు) కూడా చిన్నవే, కొద్ది కుటుంబాలు. మకాంల మధ్య రాకపోకలు, పెళ్లిళ్లు ఉంటాయి. 150 లాంటి సంఖ్య కనపడితే ఆ మొత్తం వలలోనే కనపడుతుంది.

ఆ 150 తప్పని తేలిపోయిందట కదా?

గట్టి దెబ్బే తగిలింది. 2021లో స్టాక్‌హోమ్ పరిశోధకులు కొత్త పద్ధతులతో అదే లెక్క మళ్లీ వేస్తే, ఒక పద్ధతిలో సగటు 69 నుంచి 109, ఇంకో పద్ధతిలో 16 నుంచి 42 వచ్చింది. తప్పు జరిగే అవకాశం కలుపుకుంటే 2 నుంచి 520 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంటే కోతుల మెదడు చూసి మనిషికి ఒక ఖచ్చితమైన అంకె చెప్పలేం. డన్‌బార్ ఒప్పుకోలేదు, వాదన నడుస్తోంది. నేను క్లాసులో 150ని అంకెలా చెప్పను. బంధానికి టైం కావాలి, టైం అందరికీ 24 గంటలే, కాబట్టి ఎక్కడో ఒకచోట హద్దు ఉంటుంది అని చెబుతాను. ఆ మాటకి 2021 లెక్క వల్ల వచ్చిన నష్టమేమీ లేదు.

## ఇప్పుడు మనం

నాకు ఫేస్‌బుక్‌లో 3,000 మంది ఉన్నారు. వాళ్లు స్నేహితులు కారా?

2016లో బ్రిటన్‌లో అడిగి చూస్తే, సగటున ఫేస్‌బుక్ స్నేహితులు 150 దగ్గరే ఉన్నారు. కష్టమొస్తే ఎవరి మీద ఆధారపడతారు అంటే సగటున నలుగురిని చెప్పారు.

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. రోజూ వాట్సాప్‌లో మెసేజ్ పెడతాడు. అయినా వెలితిగా ఉంటుంది, ఎందుకు?

మెసేజ్‌లో గొంతు లేదు కాబట్టి అయ్యుండొచ్చు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో చిన్న ఆడపిల్లలకి జనం ముందు లెక్కలు చేయించి టెన్షన్ పెట్టారు. తర్వాత కొందరు అమ్మతో ఫోన్లో మాట్లాడారు, కొందరు అమ్మతో మెసేజ్‌లు చేసుకున్నారు. గొంతు విన్నవాళ్లలో టెన్షన్ హార్మోన్ తగ్గి, బంధానికి సంబంధించిన ఆక్సిటోసిన్ పెరిగింది. మెసేజ్ పెట్టినవాళ్లలో ఆ మార్పు లేదు, ఎవరితోనూ మాట్లాడనివాళ్లలాగే ఉన్నారు. ఫలితం 2012లో వచ్చింది. అబ్బాయితో ఆ మాటే చెప్పండి. రెండు నిమిషాలైనా ఫోన్ చేయమనండి.

ఉద్యోగానికి కొత్త ఊరు వచ్చాను. స్నేహితులు కుదరడానికి ఎంత కాలం పడుతుంది?

అమెరికాలో 2018లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహానికి 200 గంటలకి పైగా కలిసి గడపాలి. ఆఫీసులో పక్క సీట్లో కూర్చున్న గంటలు దీనికి పెద్దగా పనికిరావు. టీ తాగడం, కలిసి ఊరు తిరగడం, ఊరికే మాట్లాడుకోవడం పనికొస్తాయి. వారానికి నాలుగు గంటలైతే ఏడాది. కాబట్టి రెండో నెలలోనే నాలో లోపముందని అనుకోకండి.

ఒంటరిగా ఉంటే నిజంగా ఆరోగ్యం పాడవుతుందా?

అవుతుంది. 2010లో 148 పరిశోధనల్ని, 3 లక్షల మందికి పైగా వివరాల్ని కలిపి చూశారు. బంధాలు గట్టిగా ఉన్నవాళ్లు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువ. గుంపు నుంచి తప్పిపోయిన కోతి ఎక్కువ రోజులు బతకదన్న పాత లెక్క మన ఒంట్లో ఇంకా నడుస్తోంది.

పెళ్లిలో పదిమంది కూర్చుంటే కాసేపటికి రెండు మూడు ముచ్చట్లుగా ఎందుకు విడిపోతారు?

ఒక సంభాషణలో నలుగురే ఇముడుతారు. ఐదో మనిషి వచ్చి కూర్చుంటే నిమిషంలో అది రెండవుతుంది. 1995లో దీన్ని లెక్కపెట్టి చూశారు. ఈసారి పెళ్లి భోజనాలయ్యాక కుర్చీలు చుట్టూ వేసుకున్న చోట గమనించండి. ముందు ఐదోవాడు మెడ చాచి వింటాడు, తర్వాత పక్కవాడి మోచెయ్యి తాకుతాడు, ఇద్దరి తలలూ దగ్గరవుతాయి. ఇంకో ముచ్చట మొదలైంది. ఎవరో ఒకరే పదిమందికీ చెబుతున్నారంటే అది కథో ప్రసంగమో అయ్యుంటుంది. మనం జనం అనడానికి "నలుగురూ" అంటాం. ఆ మాట ఇక్కడి నుంచే వచ్చిందని నేను అనను గానీ, కుర్చీలు లెక్కపెట్టిన ప్రతిసారీ గుర్తొస్తుంది.